అమెరికా ప్రయాణానికి ముందు పిల్లల చదువు: ఏది ఎప్పుడు చూసుకోవాలి

వీసా పిటిషన్ అప్రూవ్ అయింది, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ అయింది, ఇక జాయినింగ్ డేట్ చూసి టికెట్లు కొనడమే మిగిలింది. చాలా ఇళ్లలో అన్నీ ఈ వరసలోనే జరుగుతాయి. పిల్లల స్కూలు సంగతి అడిగితే "అక్కడికి వెళ్లాక చూద్దాం, సీటు ఎక్కడికి పోతుంది" అంటారు. సీటు విషయంలో ఆ ధీమా సరైనదే. అమెరికాలో కిండర్‌గార్టెన్ నుంచి 12వ తరగతి దాకా పబ్లిక్ స్కూలు ఉచితం. మీ అడ్రసు ఏ స్కూలు డిస్ట్రిక్టు (ఆ ప్రాంతపు పబ్లిక్ స్కూళ్లను నడిపే సంస్థ) పరిధిలో ఉంటే ఆ డిస్ట్రిక్టు మీ పిల్లల్ని చేర్చుకోవాలి. చిక్కంతా వేరేచోట ఉంది. ఏ తరగతిలో వేస్తారు, పాత మార్కుల్లో ఏవి లెక్కకొస్తాయి, ఏ టీకా మిగిలిపోయింది, ఏ నెలలో దిగారు అన్నవి ముందే చూసుకోకపోతే తర్వాత సరిచేసుకోవడానికి ఏళ్లు పట్టొచ్చు.

హెచ్-1బి, ఎల్-1 అనే ఉద్యోగ వీసాల మీద పిల్లలతో వెళ్లేవాళ్ల కోసం ఇది. ఉదాహరణలు ఎక్కువగా టెక్సస్‌వి, ఎందుకంటే డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఉన్నారు. రూల్స్ రాష్ట్రానికో రకం, ఒక్కోసారి డిస్ట్రిక్టుకో రకం. కాబట్టి మీరు వెళ్లే డిస్ట్రిక్టు వెబ్‌సైట్‌లో ప్రతిదీ సరిచూసుకోండి.

పెద్ద బిడ్డ తరగతిని బట్టి నెల నిర్ణయించుకోండి

ఇద్దరు పిల్లలుంటే ప్లాన్ పెద్దవాళ్లను బట్టి వేయాలి. రెండో తరగతి పిల్లవాడు ఏ నెలలో వెళ్లినా సర్దుకుంటాడు. తొమ్మిదో తరగతి అమ్మాయి విషయం అలా కాదు.

ఏడో తరగతి వరకు పెద్ద ఇబ్బంది లేదు. ఎనిమిది ఇక్కడ పూర్తిచేసి, ఆగస్టులో అక్కడ తొమ్మిదిలో చేరడం అన్నిటికంటే మంచి సమయం. అమెరికాలో హైస్కూలు అంటే 9 నుంచి 12. కాలేజీ అడ్మిషన్లకు చూసే జీపీఏ (మార్కుల సగటు), క్రెడిట్లు (పాసైన ఒక్కో సబ్జెక్టుకు ఇచ్చే లెక్క) తొమ్మిదో తరగతి మొదటి రోజు నుంచే మొదలవుతాయి. నాలుగేళ్లూ ఒకేచోట చదివిన పిల్లలకు లెక్క శుభ్రంగా ఉంటుంది.

తొమ్మిది మధ్యలో, పది మధ్యలో కదిలించడం మాత్రం వీలైనంత తప్పించండి. పది మొదలైపోయి ఉంటే బోర్డు పరీక్ష రాయించే తీసుకెళ్లండి. ఉద్యోగం ఉన్నవాళ్లు ముందు వెళ్లి, మిగతావాళ్లు ఏప్రిల్ తర్వాత వెళ్తే ఆ కొన్ని నెలల ఎడబాటుకు ఫలితం ఉంటుంది. ఇంటర్ మొదటి సంవత్సరం అయిపోయిన పిల్లల్ని రెండో సంవత్సరం పూర్తిచేయించి నేరుగా కాలేజీ అప్లికేషన్లకు పంపడమే నయం. వాళ్లను తీసుకెళ్లి 12వ తరగతిలో కూర్చోబెడితే, ఒక్క ఏడాదిలో అమెరికా చరిత్ర, ప్రభుత్వం, ఇంగ్లిష్ క్రెడిట్లన్నీ నింపుకోవడానికి నానా తంటాలు పడతారు.

వయసుకు సంబంధించి ఇంకో లెక్క ఉంది. హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు 21 ఏళ్లు నిండితే ఆ స్టేటస్ పోతుంది. ఇండియాలో పుట్టినవాళ్లకు ఉద్యోగం మీద వచ్చే గ్రీన్‌కార్డు క్యూ పదేళ్లకు పైగా వెనకబడి ఉంది. అయిదేళ్ల పాపకు ఇది ఇప్పుడే పట్టించుకోవాల్సిన విషయం కాదు. పద్నాలుగేళ్ల బాబు అయితే కాలేజీ మధ్యలో ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాల్సి రావచ్చని ముందే అనుకోండి. హెచ్-4 పిల్లలు జీతం వచ్చే పని చేయకూడదు, ఫెడరల్ ఆర్థిక సాయం కూడా రాదు. టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో ఏడాది నివాసం చూపించగలిగితే హెచ్-4 పిల్లలకూ స్థానిక విద్యార్థుల ఫీజే పడుతుంది. రాష్ట్రం ఎంచుకునే వీలుంటే ఇది కూడా లెక్కలోకి తీసుకోండి.

ఇక క్యాలెండర్. మన స్కూళ్లు ఏప్రిల్ చివర్లో మూసి జూన్‌లో తెరుస్తారు. టెక్సస్‌లో ఆగస్టు మధ్యలో మొదలై మే చివరికి అయిపోతాయి. న్యూజెర్సీ వైపు సెప్టెంబరు మొదట్లో తెరుస్తారు. జూన్ చివర, జులై మొదట్లో దిగితే ఇల్లు చూసుకోవడానికి, టీకాలకు, జెట్‌లాగ్ తీరడానికి సరిపోతుంది. జులైలో వెళ్లేది ఖాయమైతే జూన్‌లో ఇక్కడ కొత్త తరగతి ఫీజు కట్టకండి. కట్టిన ఫీజు వెనక్కి ఇచ్చే స్కూళ్లు తక్కువ.

విజిటర్ వీసా మీద పిల్లల్ని తీసుకెళ్లి "వీసా వచ్చేదాకా స్కూల్లో వేద్దాం" అనే ఆలోచన మాత్రం వద్దు. బి-2 మీద చదువులో చేరడం వీసా నిబంధనలకు విరుద్ధం, తర్వాత స్టేటస్‌కు ఇబ్బంది.

ఏ తరగతిలో వేస్తారో ముందే తెలుసుకోండి

చిన్నపిల్లల విషయంలో ఇండియాలో ఏ తరగతి చదివారన్నది పెద్దగా చూడరు. వయసు చూస్తారు. టెక్సస్, కాలిఫోర్నియాల్లో సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్లు నిండితే కిండర్‌గార్టెన్. న్యూయార్క్ నగరంలో డిసెంబరు 31ని లెక్కలోకి తీసుకుంటారు.

దీనివల్ల మనవాళ్లకు వచ్చే గొడవ ఇలా ఉంటుంది. 2019 అక్టోబరులో పుట్టిన పిల్లవాడు 2025 జూన్‌లో ఇక్కడ ఒకటో తరగతిలో ఉన్నాడనుకోండి. టెక్సస్ వెళ్తే 2025 సెప్టెంబరు 1కి వాడికి ఆరేళ్లు నిండలేదు కాబట్టి కిండర్‌గార్టెన్‌లో వేస్తారు. "ఎల్‌కేజీ, యూకేజీ అన్నీ చదివాడు, ఒక సంవత్సరం వేస్ట్" అని తల్లిదండ్రులు ప్రిన్సిపాల్‌తో వాదనకు దిగుతారు. దిగకండి. భాష, యాస, వాతావరణం అన్నీ కొత్తగా ఉన్నప్పుడు తన వయసువాళ్ల మధ్య ఉండటమే పిల్లవాడికి మంచిది. పై తరగతికి వెళ్లేంత సత్తా ఉందనిపిస్తే కొన్ని నెలలు ఆగండి. టెక్సస్ డిస్ట్రిక్టుల్లో పరీక్ష రాసి తరగతి దాటే పద్ధతి ఉంది.

నాలుగేళ్ల పిల్లలున్నవాళ్లకు టెక్సస్‌లో ఒక మంచి అవకాశం ఉంది, చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఇంగ్లిష్ మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాని నాలుగేళ్ల పిల్లలు పబ్లిక్ స్కూల్లో ఉచిత ప్రీ-కేకు (కిండర్‌గార్టెన్‌కు ముందు తరగతి) అర్హులు, తల్లిదండ్రుల జీతం ఎంతైనా సరే. చిన్న పరీక్ష పెట్టి చూస్తారు. డాలస్ వైపు డేకేర్‌కు నెలకు వెయ్యి డాలర్లు దాటుతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. వెళ్లేముందు బాగుంటుందని ఇంట్లో హడావుడిగా ఇంగ్లిష్ మొదలుపెట్టి, ఉన్న అర్హత పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు.

పేర్లు, కాగితాలు

అన్నిటికంటే ముందు పిల్లల పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి చూడండి. మన దగ్గర ఇంటిపేరును ఇనీషియల్‌గా రాసే అలవాటు కాబట్టి ఆ గడి ఖాళీగా ఉండటం మామూలే. అలా ఉంటే అమెరికా వీసాలో, పిల్లలకు పెట్టిన పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. స్కూలు అటెండెన్సులో కూడా అదే ఎక్కితే, మీ అమ్మాయిని టీచరు "ఫ్నూ" అని పిలుస్తుంది. వీసాకు వెళ్లకముందే పాస్‌పోర్టు రీఇష్యూ చేయించి సర్‌నేమ్ పెట్టించండి. బర్త్ సర్టిఫికెట్, స్కూలు రికార్డు, పాస్‌పోర్టు మూడింట్లో పేరు, స్పెల్లింగ్ ఒకేలా ఉండాలి. బర్త్ సర్టిఫికెట్ తెలుగులో మాత్రమే ఉంటే మీసేవలో ఇంగ్లిష్ కాపీ తీసుకోండి.

స్కూలు నుంచి టీసీ, స్టడీ సర్టిఫికెట్, గత రెండుమూడేళ్ల ప్రోగ్రెస్ కార్డులు తెచ్చుకోండి. అమెరికా స్కూలు టీసీ కోసం పట్టుబట్టదు. తిరిగి వస్తే మాత్రం మన స్కూళ్లు మొదట అడిగేది అదే. పెన్ నంబరు, అపార్ ఐడీ (ప్రభుత్వం విద్యార్థులకు ఇచ్చే గుర్తింపు నంబర్లు) ఉంటే అవి కూడా రాసి పెట్టుకోండి.

ఎనిమిది దాటిన పిల్లలకైతే ఇంకొంచెం కష్టపడాలి. తొమ్మిది, పది తరగతులకు స్కూలు లెటర్‌హెడ్ మీద, ఇంగ్లిష్‌లో, సబ్జెక్టువారీగా సంవత్సరాంతపు మార్కులు, గరిష్ఠ మార్కులు, పాస్ మార్కు, వారానికి ఎన్ని పీరియడ్లో రాయించి, ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర వేయించండి. రెండు ప్రతులు తీసుకుని, ఒకటి సీలు వేసిన కవరులో ఉంచండి. మార్కుల లిస్టులో "మ్యాథమెటిక్స్" అని ఒక్క ముక్క ఉంటే అక్కడి స్కూల్లో సబ్జెక్టులు, క్రెడిట్లు చూసే కౌన్సెలర్‌కు ఏమీ తెలియదు. వాళ్లకు ఆల్జీబ్రా ఒక ఏడాది, జామెట్రీ ఒక ఏడాది విడివిడిగా ఉంటాయి, మనకు రెండూ కలిసి నడుస్తాయి. లెక్కల పుస్తకాల విషయసూచిక పేజీలు ఫోటో తీసి పెట్టుకుంటే ఆ కౌన్సెలర్ దగ్గర పది నిమిషాల్లో పని తేలుతుంది. తెలుగు, హిందీ మార్కులు కూడా వదలకండి. టెక్సస్ హైస్కూలు పూర్తిచేయడానికి ఇంగ్లిష్ కాక ఇంకో భాషలో రెండు క్రెడిట్లు కావాలి. ఇక్కడ చదివిన తెలుగును దానికి లెక్కిస్తారేమో అడగండి.

టీకాలు మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి

చేర్పించే రోజు ఎక్కువమందిని వెనక్కి పంపించేది టీకాల కాగితమే. మన పిల్లలకు టీకాలు వేయించి ఉండవని కాదు. అక్కడి లెక్క, ఇక్కడి లెక్క వేరు.

ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) మొదటి డోసు ఏడాది నిండాక వేసిందైతేనే అమెరికాలో చెల్లుతుంది. మనకు తొమ్మిది నెలలకు వేసేది లెక్కలోకి రాదు. పైగా ప్రభుత్వ కార్యక్రమంలో వేసేది ఎంఆర్, అందులో గవదబిళ్లల టీకా ఉండదు. ప్రైవేటు పిల్లల డాక్టర్ల దగ్గర వేయించినవాళ్లకు తొమ్మిది నెలల తర్వాత ఇంకో రెండు డోసులు పడి ఉంటే సరిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో వేయించినవాళ్లు కార్డు జాగ్రత్తగా చూసుకోవాలి. ఆటలమ్మ, హెపటైటిస్-ఎ టీకాలు మన ప్రభుత్వ జాబితాలో లేవు. టెక్సస్‌లో ఈ రెండూ రెండేసి డోసులు కావాలి. ఏడో తరగతికి వచ్చేసరికి మెనింజైటిస్ టీకా కూడా అడుగుతారు. పోలియోలో 2016 ఏప్రిల్ తర్వాత వేసిన నోటి చుక్కలను అక్కడ లెక్కించరు. ఇంజెక్షన్ రూపంలో వేయించినవి చూపించాలి.

పదమూడేళ్లలోపు పిల్లలకు ఆటలమ్మ రెండు డోసుల మధ్య మూడు నెలల ఎడం ఉండాలి. అందుకే వీసా చేతికొచ్చేదాకా ఆగకుండా పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లమంటున్నాను. అన్నీ పూర్తికాకపోయినా భయం లేదు. మొదటి డోసులు పడి, మిగతావి సమయానికి వేయిస్తామంటే తాత్కాలికంగా చేర్చుకుంటారు. ఆటలమ్మ వచ్చి తగ్గిన పిల్లలైతే ఆ సంగతి డాక్టర్‌తో రాయించుకోండి.

కార్డు మీద తేదీల దగ్గర ఒక జాగ్రత్త. 05-08-2019 అంటే మనకు ఆగస్టు 5, వాళ్లకు మే 8. టీకాల పట్టిక కొత్తగా టైపు చేయించి, నెల పేరు అక్షరాల్లో రాయించి, డాక్టర్ సంతకం, స్టాంపు పెట్టించండి. కొన్ని డిస్ట్రిక్టులు ఇండియా నుంచి వచ్చిన పిల్లలకు టీబీ పరీక్ష అడుగుతాయి. బీసీజీ (టీబీ టీకా) వేసినవాళ్లకు చర్మం మీద చేసే పరీక్ష ఉత్తినే పాజిటివ్ చూపించొచ్చు, కాబట్టి రక్తపరీక్ష చేయమని అడగండి. లేకపోతే ఎక్స్‌రేలు, ఆరోగ్యశాఖ ఫోన్‌కాల్స్ అంటూ అనవసర టెన్షన్.

స్కూలు చూసి ఇల్లు తీసుకోండి

అడ్రసును బట్టి స్కూలు కాబట్టి అపార్ట్‌మెంటు లీజు మీద సంతకం పెట్టడమంటే స్కూలు ఎంచుకోవడమే. ఊరి పేరు చూసి మోసపోకండి. ఇర్వింగ్ అనే ఒక్క ఊళ్లోనే కొన్ని వీధులు ఇర్వింగ్ డిస్ట్రిక్టులో, కొన్ని కొప్పెల్ డిస్ట్రిక్టులో, కొన్ని క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ డిస్ట్రిక్టులో ఉంటాయి. ప్లేనో అడ్రసు ఉన్న ఇల్లు ఫ్రిస్కో డిస్ట్రిక్టులో ఉండొచ్చు. లీజింగ్ ఆఫీసు వాళ్లు చెప్పింది నమ్మకుండా డిస్ట్రిక్టు వెబ్‌సైట్‌లో అడ్రసు కొట్టి చూడండి. ఆ తర్వాత స్కూలుకు ఫోన్ చేసి ఆ తరగతిలో ఖాళీలున్నాయా అని అడగండి. టెక్సస్‌లో నాలుగో తరగతి వరకు సెక్షన్‌కు 22 మంది అని చట్టం ఉంది. నిండిపోతే మీ పాపను అదే డిస్ట్రిక్టులో ఇంకో స్కూలుకు పంపొచ్చు. దూరం కూడా అడగండి, రెండు మైళ్ల లోపు ఇళ్లకు చాలాచోట్ల బస్సు ఇవ్వరు.

వెబ్‌సైట్లలో స్కూళ్లకు పదికి ఇన్ని అని ఇచ్చే రేటింగుల గురించి నా అభిప్రాయం చెబుతాను, చాలామందికి నచ్చదు. పదికి పది ఉన్న స్కూలు కోసం నెలకు అయిదారు వందల డాలర్లు ఎక్కువ అద్దె పెట్టి, ఒంటి జీతం మీద ఊపిరాడకుండా బతకడంలో అర్థం లేదు. కొత్తగా వచ్చిన పిల్లలకు ఇంగ్లిష్ నేర్పే టీచర్లు బాగా ఉన్న ఏడు రేటింగు స్కూలు మొదటి రెండేళ్లకు హాయిగా సరిపోతుంది. హైస్కూలు పిల్లల విషయంలోనైతే గట్టి పోటీ ఉన్న స్కూలు ఎదురు తన్నొచ్చు. టెక్సస్ హైస్కూల్లో తన క్లాసులో మొదటి 10 శాతంలో ఉన్న విద్యార్థికి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం, ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో మాత్రం ఈ పరిమితి 2026 నుంచి 5 శాతం. అందరూ 98 మార్కులవాళ్లే ఉన్నచోట మీవాడు 30వ శాతంలో నిలబడొచ్చు.

మొదట స్నేహితుల ఇంట్లో దిగితే, చాలా డిస్ట్రిక్టులు ఇంటివాళ్లతో నివాస అఫిడవిట్ రాయించుకుని పిల్లల్ని చేర్చుకుంటాయి. ఇల్లు దొరికేదాకా పిల్లల్ని ఖాళీగా కూర్చోబెట్టాల్సిన పనిలేదు.

చేర్పించే రోజు

లీజు, కరెంటు బిల్లు, పిల్లల పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్, టీకాల పట్టిక, పాత మార్కులు, మీ గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. సోషల్ సెక్యూరిటీ నంబరు అక్కర్లేదు, హెచ్-4 పిల్లలకు అది ఉండదు కూడా. స్కూలే వేరే నంబరు ఇస్తుంది. వీసా చూపించకపోతే చేర్చుకోం అని స్కూలు అనడం కూడా కుదరదు. పిల్లల ఇమిగ్రేషన్ స్థితిని బట్టి పబ్లిక్ స్కూలు చదువు నిరాకరించకూడదని 1982లోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. "తెలుగు అని రాస్తే ఈఎస్‌ఎల్‌లో (ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకునే పిల్లల క్లాసు) పడేస్తారు, ఇంగ్లిష్ అని రాసేయండి" అని ఎవరో ఒకరు చెప్తారు. వినకండి. తెలుగు అని రాస్తే ఒక పరీక్ష పెడతారు, అంతే. ఇంగ్లిష్ మీడియంలో చదివిన మన పిల్లలకు చదవడం, రాయడం బాగానే వస్తుంది, ఆ యాస అర్థం చేసుకోవడమే కష్టం. అందుకు సాయంగా ఉచితంగా ఇచ్చే టీచరును వద్దనుకోవడం ఎందుకు? అబద్ధం రాసి, పిల్లవాడు క్లాసులో నోరు విప్పకపోతే దాన్ని బుద్ధిమాంద్యమనో, సిగ్గనో అనుకునే ప్రమాదం ఉంది. అవసరం లేదనిపిస్తే ఆ సేవ వద్దని రాతపూర్వకంగా చెప్పే హక్కు మీకుంది.

మాటలు ఆలస్యం, ఆటిజం, చదవడంలో ఇబ్బంది లాంటివి ఉంటే దాచకండి, ఇక్కడి రిపోర్టులన్నీ తీసుకెళ్లండి. పరీక్షలు చేయమని స్కూలుకు రాతలో అడగండి, నోటిమాటగా కాదు. ఖర్చు లేకుండా పరీక్షించి, అవసరమైన థెరపీ స్కూల్లోనే ఇవ్వాలని అక్కడి చట్టం. హైదరాబాద్‌లో నెలకు వేలకు వేలు పోసి చేయించే స్పీచ్ థెరపీ అక్కడ చదువులో భాగంగా దొరుకుతుంది.

హైస్కూలు పిల్లలున్నవాళ్లు కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ విడిగా తీసుకోండి. అడగాల్సినవి ఇవి: పాత తరగతుల్లో ఏ సబ్జెక్టులకు క్రెడిట్ ఇస్తున్నారు, అవి జీపీఏలో కలుస్తాయా లేక ఉత్త పాస్‌గా రాస్తారా, లెక్కల్లో ఏ మెట్టు మీద మొదలుపెడుతున్నారు, పై మెట్టుకు పరీక్ష రాయొచ్చా. టెక్సస్‌లో మామూలుగా 22 క్రెడిట్లు, ఎండార్స్‌మెంటుతో (ఒక ప్రత్యేక విభాగం ఎంచుకుని చదివితే) 26 కావాలి. పదో తరగతిలో చేరిన పిల్లవాడికి మిగిలిన మూడేళ్లలో ఇవెలా సర్దుకుంటాయో కాగితం మీద వేయించుకోండి. లెక్కల్లో ఒక మెట్టు కింద వేస్తే 12వ తరగతికి క్యాలిక్యులస్ అందదు, ఇంజినీరింగ్ కోరుకునేవాళ్లకు అది లోటే.

పిల్లలకు ముందే చెప్పాల్సినవి రెండున్నాయి. బ్యాగులో పారాసెటమాల్ బిళ్ల కూడా పెట్టుకోకూడదు, మందులన్నీ ఫారంతో సహా నర్సు దగ్గర ఇవ్వాలి. సరదాకైనా బాంబు, తుపాకీ, చంపడం అనే మాటలు స్కూల్లో అనకూడదు, పోలీసుల దాకా పోతుంది. ఇక మీకు చెప్పాల్సింది హాజరు. టెక్సస్‌లో క్రెడిట్ రావాలంటే 90 శాతం రోజులు ఉండాలి. ఫిబ్రవరిలో పెళ్లి ముహూర్తమని మూడు వారాలు ఇండియా వస్తే ఆ లెక్క తప్పొచ్చు. చాలా రోజులు రాకపోతే పేరే తీసేసే డిస్ట్రిక్టులున్నాయి.

తిరిగి రావాల్సి వస్తే

హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ఈ సంగతి వెళ్లేముందే మాట్లాడుకోవాలి. ఉద్యోగం పోతే అమెరికాలో ఉండటానికి మామూలుగా దొరికేది 60 రోజుల గడువు.

పిల్లలకు ఇక్కడ మెడిసిన్ ఆశ ఉంటే స్థానికత మీద దృష్టి పెట్టండి. తెలంగాణలో మెడికల్ సీట్లకు లోకల్ కావాలంటే 9 నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలోనే చదవాలన్న నిబంధన 2024లో వచ్చింది, 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తొమ్మిదిలో తీసుకెళ్లి, రెండేళ్లకు వెనక్కి తెస్తే ఆ కోటా పోయినట్టే. ఇంజినీరింగ్‌కు, ఆంధ్రప్రదేశ్‌కు రూల్స్ వేరు, ఆ ఏటి నోటిఫికేషన్ చూడాలి.

సీబీఎస్‌ఈలో తిరిగి చేరడానికి 9, 11 తరగతుల మొదలు తేలిక. 10, 12లోకి బయటి చదువుతో నేరుగా దూరడం కష్టం. అమెరికాలోనే 12 పూర్తిచేసి ఇక్కడ డిగ్రీలో చేరాలంటే భారత విశ్వవిద్యాలయాల సంఘం నుంచి ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ కావాలి. నీట్ రాయించే ఉద్దేశం ఏ మూలనో ఉన్నా ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ ట్రాన్‌స్క్రిప్ట్‌లో (స్కూలు ఇచ్చే మార్కుల రికార్డు) ఉండేలా సబ్జెక్టులు ఎంచుకోవాలి. అక్కడ పిల్లలు ఇష్టమైనవే తీసుకుంటారు, కాబట్టి మీరు చెప్పకపోతే ఫిజిక్స్ జారిపోతుంది. ఏ ఊరు మారినా, ఏ ఏడాది చివరికైనా, స్కూలు నుంచి సీలు వేసిన ట్రాన్‌స్క్రిప్ట్ రెండు కవర్లు తీసుకుని ఇంట్లో ఉంచండి. ఇండియా వచ్చాక ఈమెయిల్స్‌తో తెప్పించుకోవడం నెలల పని.